బీరువాలో నాయనమ్మ

చింతలంకలో గవర్రాజు ఇల్లంటే తెలివికి పెట్టింది పేరు. ఆ పేరు పెట్టింది గవర్రాజే. నిరుడు ఇంటి తాళంచెవి పోతే ఎలాగని ముందుచూపుతో రెండోది చేయించాడు. అది కూడా పోకుండా భద్రంగా ఇంట్లో పెట్టి, బయట తాళం వేసుకుని ఇంటిల్లిపాదినీ పెళ్ళికి తీసుకెళ్ళాడు. మొదటిది పెళ్ళిలో పోయింది. "చూశావుట్రా, రెండోది ఎంత భద్రంగా ఉందో!" అని తమ్ముడు పేర్రాజుకి కిటికీలోంచి చూపించి, తలుపు బద్దలు కొట్టించాడు. భార్య నూకరత్నం ఆ తెలివికి మురిసిపోయింది.

ఆ ఇంట్లో ఒక పాత ల్యాప్‌టాప్ ఉంది. అందులో ఆ ఇంటి గృహప్రవేశం వీడియో ఉంది. అందులో, రెండేళ్ళ క్రితం కాలం చేసిన వాళ్ళ నాయనమ్మ ఉంది. వీడియో తీసింది గవర్రాజే. అందరూ పొంగుతున్న పాలవంక చూస్తుంటే ఆవిడ మాత్రం కెమెరా వైపు తిరిగి, "అన్నం తిన్నావా?" అని అడుగుతుంది. ఆ మాట వచ్చినప్పుడల్లా గవర్రాజు తెర ముందు కూర్చుని "తిన్నాను నాయనమ్మా" అంటాడు. ఒకవేళ తినకపోతే వీడియో ఆపి, వెళ్ళి తినేసి వచ్చి, అప్పుడు చెబుతాడు. ఆవిడతో అబద్ధమాడడం అతనికి చేతకాదు.

అలాంటిది ఆ ల్యాప్‌టాప్ టిక్కుటిక్కుమనడం మొదలుపెట్టింది. కంప్యూటర్ల షాపు బాషా చెవి ఆనించి విని, "ఇది ఇవాళో రేపో పోతుందండి. లోపలున్నది వేరే దాంట్లో వేసుకోండి" అన్నాడు. గవర్రాజు వెంటనే జేబు తడుముకున్నాడు. ఫోటోలూ వీడియోలూ దాచుకునే బాక్సు ఒకటి అప్పటికప్పుడు కొన్నాడు. ఇంట్లో వైఫై ఉంటే చాలు, ల్యాప్‌టాప్ వరండాలో ఉన్నా సరే, బాక్సు లోపలి గదిలో ఉన్నా సరే, ఫైలు అదే వెళ్ళిపోతుందని బాషా చెప్పాడు.

నాయనమ్మ ఉండబోయే బాక్సుని ఎక్కడ పడితే అక్కడ పెడతామా? ఇనప బీరువాలో, పట్టుచీరల మధ్య పెట్టారు. కరెంటు వైరు కోసం బీరువా వెనక చిల్లు పొడిచారు. తలుపు వేసి తాళం పెట్టారు. తర్వాత వరండాలో ల్యాప్‌టాప్ ముందు ముగ్గురూ చేతులు కట్టుకుని నిలబడ్డారు.

ఫైలు నత్తనడక నడుస్తోంది. రెండు రోజులు పడుతుందని తెర మీద వచ్చింది. కాసేపటికి మూడు రోజులంది. ల్యాప్‌టాప్ టిక్కుటిక్కుమంటూనే ఉంది.

గవర్రాజు బాషాకి ఫోన్ చేశాడు. "మరి గాలిలో కదండీ వెళ్ళేది, కాస్త టైం పడుతుంది" అన్నాడు బాషా.

అంతే! పేర్రాజు టేబుల్ ఫ్యాన్ తెచ్చి ల్యాప్‌టాప్ వెనక పెట్టాడు. ఫ్యాన్ అటూ ఇటూ తిరగడం చూసి గవర్రాజుకి ఒళ్ళు మండింది. "ఓరి నీ తెలివి తెల్లారా! అలా తిరిగితే నాయనమ్మ ఇల్లంతా చెల్లాచెదురైపోదుట్రా?" అని దాన్ని తిరక్కుండా నొక్కిపెట్టాడు.

నూకరత్నం పరుగున వెళ్ళి కిటికీలన్నీ మూసింది. "పక్కింటోళ్ళకి కొట్టుకుపోతే వాళ్ళు తిరిగిస్తారేటండీ?" అంది. ఆవిడ అన్నదాంట్లో న్యాయం ఉంది. పక్కింటివాళ్ళు అంతకుముందు వాళ్ళ పెరట్లోకి ఎగిరి పడిన తువ్వాలే ఇవ్వలేదు.

అయినా స్పీడు పెరగలేదు. మళ్ళీ ఫోన్.

"మధ్యలో అడ్డాలేమన్నా ఉన్నాయాండి?"

"గోడుందండి."

"గోడుంటే తగ్గుద్దండి మరి."

"తీసేస్తే?"

బాషా నవ్వాడు. "తీసేస్తే బ్రహ్మాండంగా వెళ్ళుద్ది. ఎవరు తీస్తారండీ?"

ఇంకేముంది! "ఎవరు తీస్తారని దిగులుపడుతున్నాడ్రా పాపం" అన్నాడు గవర్రాజు. పేర్రాజు గునపం అందుకున్నాడు. పొద్దు నడినెత్తికొచ్చేసరికి వరండాలో కూర్చుంటే లోపలి బీరువా నిక్షేపంగా కనబడుతోంది. గోడకున్న నాయనమ్మ పటం మాత్రం ముందే దింపి, దుమ్ము పడకుండా దుప్పటి కప్పారు. ఈ పని చేస్తున్నప్పుడు గవర్రాజు కళ్ళు చెమర్చాయి. దుమ్ము వల్ల కాదు.

స్పీడు పెరగలేదు. టిక్కుటిక్కు పెరిగింది.

"మనుషులు గానీ అడ్డంగా తిరుగుతున్నారాండి? అదీ ఇబ్బందేనండి" అన్నాడు బాషా, ఈసారి కొంచెం నీరసంగా.

అంతే! ఆ క్షణం నుంచి ఆ ఇంట్లో ఎవరూ నిలబడలేదు. ముగ్గురూ నేలమీద పాకడం మొదలుపెట్టారు. నూకరత్నం అన్నం గిన్నెని తోసుకుంటూ పాకుతూ వచ్చి వడ్డించింది. పాలు పోసే సూర్రావు గుమ్మంలోకొస్తే, "వంగండి బాబూ, వంగండి! నాయనమ్మ వెళ్తోంది!" అని ముగ్గురూ కేకపెట్టారు. సూర్రావుకి ఆవిడ పోయిన సంగతి తెలుసు. ఆ మనిషి పాల క్యాను అక్కడే వదిలేసి బజారు దాకా పరిగెత్తాడు. పొద్దు వాలకముందే ఊళ్ళో సగం మంది వాళ్ళింటి ముందు నుంచి నడవడం మానేశారు. దారిలో జనం తగ్గడం చూసి, ఊరంతా సాయం చేస్తోందని గవర్రాజు చేతులెత్తి దణ్ణం పెట్టాడు.

చివరికి బాషాయే వచ్చాడు. గోడ ఉండాల్సిన చోట చూశాడు. నేలమీద పాకుతున్న ముగ్గురినీ చూశాడు. బీరువాలోంచి బయటికొచ్చిన వైరు చూశాడు.

"బాక్సు ఇనప బీరువాలో పెట్టారేటండీ?"

"పెద్దావిడండి. బయట పడేస్తామా?" అన్నాడు గవర్రాజు కింద నుంచే.

బాషా బీరువా తాళం తీయించాడు. బాక్సుని బయటికి తీసి స్టూలు మీద పెట్టాడు. పక్కన ల్యాప్‌టాప్ పెట్టి, రెంటికీ మధ్య ఒక వైరు తగిలించాడు. నూకరత్నం ఇచ్చిన టీ చల్లారేలోపల ఫైలు మొత్తం వెళ్ళిపోయింది. బాక్సులోంచి వీడియో పెట్టి చూపించాడు. పాలు పొంగాయి. నాయనమ్మ ఇటు తిరిగింది. "అన్నం తిన్నావా?"

"తిన్నాను నాయనమ్మా" అని గవర్రాజు భోరుమన్నాడు. పేర్రాజు కూడా ఏడ్చాడు. బాషా కూడా కళ్ళు తుడుచుకున్నాడు.

"ఇప్పుడు ఆవిడ రెండు చోట్ల ఉన్నారండి. ఒకటి పోయినా రెండోది ఉంటుంది. ఇంక నిశ్చింతగా ఉండండి" అని చెప్పి అతను వెళ్ళిపోయాడు.

నిశ్చింతగా ఉండమంటే ఉండాలి కదా! కానీ ల్యాప్‌టాప్‌తో వరండాలో వీధివైపు తిరిగి, రాత్రి వంట కోసం ఎదురుచూస్తూ కూర్చున్న గవర్రాజుకి చింత పట్టుకుంది. ఒకటి పోయినా రెండోది ఉంటుందన్నాడు. నిజంగా ఉంటుందా? కుండ కొంటేనే నాలుగుసార్లు వేలితో కొట్టి చూసుకుంటాం. నాయనమ్మ విషయంలో ఒట్టి మాట నమ్మి ఊరుకుంటామా?

అంతే! ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని పెరట్లోకి నడిచాడు. నూతిలోకి వదిలాడు. బుడుంగుమంది. టిక్కుటిక్కు ఆగిపోయింది. గవర్రాజుకి ఎంతో హాయనిపించింది. ఇంక లోపలికెళ్ళి బాక్సు చూసుకోవడమే తరువాయి.

లోపల స్టూలు మీద బాక్సు లేదు. పక్కన పేర్రాజు తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ నవ్వుతున్నాడు.

"బాక్సేదిరా?"

"నూతిలో వేసొచ్చానన్నయ్యా. ఒకటి పోయినా రెండోది ఉంటుందన్నాడు కదా, ఉంటుందో లేదో చూద్దామని. ఇలా తే ఆ ల్యాప్‌టాప్."

గవర్రాజు స్టూలు మీద కూలబడ్డాడు. తనూ ల్యాప్‌టాప్‌ని అదే నూతిలో వేసొచ్చానని చెప్పాడు. నూకరత్నం అంది: "అంత బెంగెందుకండీ? రెండూ ఒకే నూతిలో ఉన్నాయిగా. ఆవిడెక్కడికీ పోలేదు."

ముగ్గురూ నూతి దగ్గరికి పరిగెత్తారు. గవర్రాజు గట్టు పట్టుకుని వంగాడు. లోపలంతా చీకటి. ఏమని పిలవాలో తెలియలేదు. ఆఖరికి, "అన్నం తిన్నావా?" అని అరిచాడు.

"తిన్నావా... న్నావా..." అంది నుయ్యి.

గవర్రాజు మొహం విప్పారింది. కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే కండువాతో తుడుచుకున్నాడు.

"విన్నావుట్రా తమ్ముడూ? ఇలా పిలిచామో లేదో అలా వచ్చేసింది. బీరువాలో కంటే ఇక్కడే స్పీడు బాగుంది" అన్నాడు. జవాబు చెబుదామని మళ్ళీ నూతిలోకి వంగాడు. అంతలో ఏదో గుర్తొచ్చి ఆగి, భార్య వైపు తిరిగాడు.

"ఇదిగో, ముందు అన్నం పెట్టు."