ఆరుకు ఎంత దొరా?

రాజుగారి కోటగుమ్మానికి తలుపు చెయ్యాలి. ఆరు మూరల టేకుచెక్కను నిలువునా కోయాలి. రంపం పక్కకు పోకుండా ఆనించి నడపడానికి ఎనిమిది మూరల బద్ద ఇప్పించమని వడ్రంగి బసవాచారి కబురు పెట్టాడు.

చీపురుపుల్లనైనా కొలిచి ఇచ్చే కోట సామాన్ల ఉగ్రాణం పెద్ద పేర్రాజు ఆరు మూరల బద్దే ఇచ్చాడు. "ఆరు మూరల కోతకు ఎనిమిదెందుకోయ్? మిగతాది నీ ఇంటి చూరుకా?"

"రంపం చెక్కను తాకకముందే బద్దకు ఆనాలి, చెక్క దాటేదాకా ఆనే ఉండాలి దొరా. లేకపోతే కొసల దగ్గర కోత వంకరపోతుంది."

"వంకరపోతే నీ కొలువు ఊడుతుంది!"

ఆచారి ఇంటికెళ్లి రంపాన్ని మేకుకు తగిలించేశాడు.

పని ఎందుకు ఆగిందో కనుక్కుందామని మూడోనాడు పేర్రాజే బయల్దేరాడు. ఆచారి ఇల్లు కాలువ అవతల ఉంది. వానకు వంతెన కొట్టుకుపోయింది.

"దాటడానికో బల్ల వెయ్యవోయ్!" అని కేకేశాడు.

"కాలువ వెడల్పెంత దొరా?"

"ఐదు మూరలు!"

ఆచారి సరిగ్గా ఐదు మూరల పాత బల్ల తెచ్చి అడ్డంగా తోశాడు. అది ఏ ఒడ్డునూ ఆనక నీళ్లలో పడి కొట్టుకుపోయింది.

"బుద్ధుందా? ఈ ఒడ్డున ఓ మూర, ఆ ఒడ్డున ఓ మూర ఆనొద్దూ?"

ఆచారి వినయంగా చేతులు కట్టుకున్నాడు. "ఐదుకు ఏడన్నమాట. మరి ఆరుకు ఎంత దొరా?"

పేర్రాజు వెనుదిరిగాడు. సాయంత్రానికి బద్ద వచ్చింది. ఎందుకైనా మంచిదని తొమ్మిది మూరలది పంపాడు.