నిప్పు అడిగే గవరమ్మ

రండి, దగ్గరికి రండి. ఆ గోడకి ఆనుకున్నవాళ్ళు కూడా ముందుకి జరగండి. గట్టిగా చెప్పే ఓపిక నాకివాళ లేదు. చాప చాలకపోతే నేలుంది, కూర్చోండి. ఊఁ కొట్టేవాళ్ళు ఊఁ కొట్టండి, కొట్టనివాళ్ళు కనీసం పక్కవాణ్ణి గిల్లకండి.

అనగనగా ఒక ఊరు. అగ్గిపెట్టె ఇంకా పుట్టని కాలం. రాత్రి వంటయ్యాక పొయ్యిలో నిప్పుల మీద బూడిద కప్పి పడుకునేవారు. పొద్దున్నే బూడిద తీసి ఊదితే నిప్పు రాజుకునేది. ఎవరింట్లోనైనా ఆరిపోతే, కుండపెంకు పట్టుకుని పక్కింటికి వెళ్ళి రెండు కణికలు అడిగి తెచ్చుకునేవారు. ఏ ఇంటికైనా ఏడాదికి ఒకసారో రెండుసార్లో జరిగేదే.

గవరమ్మకి మాత్రం రోజూ జరిగేది.

గవరమ్మ ఒంటరి ముసలిది. విస్తళ్ళు కుట్టి బతికేది. తెల్లారేసరికి చేతిలో కుండపెంకు ఉండేది. ఒక్క ఇంటితో పోతుందా? రోజుకి మూడిళ్ళు. మొదటి ఇంట్లో నిప్పు చాలదనేది. రెండో ఇంట్లో పొగెక్కువనేది. మూడో ఇంట్లో తీసుకునేది. ఈలోపు ప్రతి పొయ్యి ముందూ చతికిలబడి, కోడలింకా లేవలేదేం, నీ దగ్గు తగ్గలేదేం, నిన్నటి గంజి మిగిలిపోయిందేం అని ఆరాలు తీసేది. అవతల పశువులకి కుడితి పెట్టాలి, పొలానికి పోవాలి. విసుగు పుట్టదా మరి?

"ఇంత వయసొచ్చింది, గుప్పెడు నిప్పు దాచుకోవడం రాదా?" అనేవారు.

"రాదు తల్లీ. ఉంటే ఇవ్వు, లేకపోతే లేదను," అనేది.

మొదటి రెండిళ్ళూ రోజుకో చోట. మూడోది మాత్రం ఎప్పుడూ ఊరి చివర కూర్మయ్యదే. కూర్మయ్య తాళ్ళు పేనే ముసలాయన. పెళ్ళాం పోయాక ఊరందరితో తగువు పెట్టుకుని మాటలు మానేశాడు. గవరమ్మతో మానడం కుదర్లేదు. ఊళ్ళో ఇన్ని పొయ్యిలుండగా రోజూ నా పొయ్యే దొరికిందా అని అరిచేవాడు. పొయ్యి చల్లగా ఉంటే ఆవిడ వెలిగేదాకా కూర్చుని సణుగుతుందని, రాకముందే లేచి వెలిగించేవాడు. ఎలాగూ వెలిగింది కదా అని అంబలి కాచుకునేవాడు.

చివరికి ఊరంతా వెళ్ళి మునసబుతో మొరపెట్టుకుంది. ఆయన గడ్డం నిమురుకుని, పాపం పెద్దావిడ కాళ్ళరిగేలా తిరగడం మనకే మంచిది కాదు, ఇకనుంచి రోజుకొక ఇంటివాళ్ళం చొప్పున మనమే నిప్పు తీసుకెళ్ళి ఇద్దాం అన్నాడు. ఎంత దయగల ఊరో అని అందరూ తమని తామే మెచ్చుకున్నారు.

మొదటి రోజు ఒకామె నిప్పు తెచ్చి, గడపలో పెట్టి వెళ్ళిపోయింది. గవరమ్మ ఆమె వీపే చూసింది. రెండో రోజు ఇంకొకామె పెట్టి వెళ్ళింది. గవరమ్మకి అన్నం సయించలేదు. మూడో రోజు మరొకామె పెట్టి వెళ్ళింది. గవరమ్మ ఆ నిప్పు మీద చెంబుడు నీళ్ళు గుమ్మరించి, పెంకు పట్టుకుని బయల్దేరింది.

ఎదురుగా మునసబు భార్య సన్యాసమ్మ. "ఇంటికే పంపించాం కదమ్మా, మళ్ళీ ఎక్కడికి?"

"ఆరిపోయింది."

"అప్పుడే ఎలా ఆరింది?"

"నీళ్ళు పోశాను."

సన్యాసమ్మ నెత్తి కొట్టుకుంది. ఈ ముసలిది ఇంకెవరి కొంప మీద పడుతుందోనని వెనకాలే నడిచింది.

గవరమ్మ తిన్నగా కూర్మయ్య ఇంటికి పోయింది. పొయ్యి చల్లగా ఉంది. బూడిద గట్టిపడింది. కూర్మయ్య చాప మీద ముడుచుకుని ఉన్నాడు. ఒళ్ళు కాలిపోతోంది, పెదాలు పగిలాయి.

"పొయ్యి వెలిగించలేదేం?" అంది గవరమ్మ.

"నువ్వు రాలేదుగా. ఎవరికోసం వెలిగించను?" అన్నాడు కూర్మయ్య. ఆ జ్వరంలోనూ అది తిట్టినట్టే అన్నాడు.

సన్యాసమ్మ పరుగున వెళ్ళి నిప్పు తెచ్చింది, గంజి కాచింది. ఇంకొక్క పూట ఆలస్యమైతే మనిషి దక్కేవాడు కాదని నాడి చూసిన వైద్యుడన్నాడు. వారానికి కూర్మయ్య లేచి కూర్చున్నాడు. గవరమ్మకి నిప్పు పంపడం ఆ రోజుతో సరి.

విసుక్కోవడం మానేశారా అంటే, లేదు. ఉన్నమాట చెప్పాలి కదా. గవరమ్మ ఆరాలు కూడా అలాగే ఉన్నాయి మరి.

ఏళ్ళు గడిచాయి. ఒక రోజు తెల్లారింది, గవరమ్మ రాలేదు. ఒకింటివాళ్ళు గుమ్మంలోకొచ్చి చూశారు. ఇంకో ఇంటివాళ్ళు వీధిలోకొచ్చి చూశారు. కూర్మయ్య పొయ్యి వెలిగించుకుని, తిట్లు సిద్ధం చేసుకుని ఎదురుచూశాడు. ఎండెక్కింది. చివరికి తనే ఒక పెంకు వెతుక్కుని బయల్దేరాడు.

గవరమ్మ నిద్రలోనే పోయింది.

పోయినవాళ్ళ ఇంటి నిప్పే పాడె ముందు నడవాలి. ఈవిడింట్లో నిప్పెక్కడిది, మా ఇంటినుంచి తెప్పిస్తానన్నాడు మునసబు. కూర్మయ్య వినిపించుకోలేదు. పొయ్యి దగ్గర కూలబడి, పుల్లతో బూడిద కదిపాడు.

కింద ఎర్రగా నిప్పులు.

సన్యాసమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కూర్మయ్య ఆ నిప్పుల్నే చూస్తూ, "ఉంచుకుని అడిగావటే, ముసలిదానా," అన్నాడు. తర్వాత వాటిని తన పెంకులోకి తీసుకుని పాడె ముందు నడిచాడు.

ఆ ఊళ్ళో ఇప్పటికీ ఒక అలవాటుంది. గ్యాసు పొయ్యిలొచ్చినా పోలేదు. ఒంటరిగా ఉన్న పెద్దవాళ్ళ గడపలోకి పొద్దున్నే ఎవరో ఒకరు వెళ్ళి, తమ ఇంట్లో ఉన్నదే ఏదో ఒకటి అడుగుతారు. కాస్త కరివేపాకో, ఒక సూదో. "రోజూ నా ఇల్లే దొరికిందా?" అని లోపల్నుంచి గట్టిగా వినపడితే, గవరమ్మ పొయ్యి వెలిగిందని నవ్వుకుని వస్తారు. ఏమీ వినపడకపోతే లోపలికి వెళ్తారు.

సరే, లేవండి. చాప మడిచి మూల పెట్టండి. అన్నాల వేళయింది, ఇళ్ళకి పోండి. దారిలో మీ వీధి తాతనో మామ్మనో చిటికెడు ఉప్పు అడగండి. విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి. పూర్తిగా విని, అప్పుడు వెళ్ళి తినండి.