పై ఇంటి కాలువ

తూర్పు కనుమల్లో మబ్బులమెట్ట అని ఒక అడవి ఉంది. అక్కడ ముళ్లపందులు, చుంచులు, అలుగులు, తాబేళ్లు, గోరింకలు, కొండ ఉడుతలు, ఇంకా బోలెడు జీవాలు కాపురం ఉంటాయి. పల్లె అందామంటే పెద్దది. పట్నం అందామంటే చిన్నది. సాయంత్రం అలా ఒక చుట్టు తిరిగొస్తే సగం తెలిసిన మొహాలు, సగం తెలియని మొహాలు కనిపించే ఊరు అది.

కొండంతా మెట్లు మెట్లుగా ఉంటుంది. ఒకరి ఇంటి కప్పు మీద ఇంకొకరి వాకిలి. పైవాళ్లు తుమ్మితే కిందివాళ్లు "చిరంజీవ" అంటారు.

ఆ ఊరికి ఒక వేసవిలో గాదెమ్మ అనే పందికొక్కు వచ్చింది. గాదెమ్మ కింద వరి పొలాల గట్ల మీద పుట్టి పెరిగింది. ఆ పొలాలన్నీ రొయ్యల చెరువులైపోయాయి. ఉప్పునీళ్ల మధ్య పందికొక్కు ఏం తిని బతుకుతుంది? అందుకని దాచుకున్న వడ్లు మూట కట్టి నెత్తిన పెట్టుకుంది. కడుపులో పిల్లలున్నారు. వానలు పడేలోగా పొడిగా ఉండే ఇల్లు ఒకటి కట్టుకోవాలి. గాదెమ్మకు ఉన్న కోరిక అదొక్కటే.

సగం కొండ ఎక్కేసరికి నాలుక బయటికొచ్చింది. కొమ్మ మీద నుంచి ఒక గోరింక పలకరించింది.

"కొత్తా?"

కొత్తవాళ్లకు ఊరి సంగతులు చెప్పడం గోరింక పని. ఎవరూ అప్పజెప్పలేదు. తనే నెత్తిన వేసుకుంది.

"అవును పిన్నీ. ఇల్లు కట్టుకోవడానికి ఖాళీ చోటు ఎంత దూరంలో ఉంది?"

"ఎంతో లేదు. రెండు ఆయాసాలు."

"ఆయాసాలా?"

"కింద మీరు అడుగులతో కొలుస్తారు కాబోలు. ఇక్కడ ఆయాసాలే లెక్క. ఎక్కుతూ పో. ఊపిరి అందక ఒకచోట కూలబడతావు. అది ఒకటి. లేచి మళ్లీ ఎక్కు. ఇంకోసారి కూలబడ్డచోట పక్కకు చూస్తే ఖాళీ చోటు."

గాదెమ్మకు నవ్వొచ్చింది. గోరింక మాత్రం ఆగలేదు.

"విను. ఎక్కేవాళ్లకు దిగేవాళ్లు దారి ఇవ్వాలి. ఎక్కేవాడు ఒకసారి ఆగాడంటే మళ్లీ కదలడం కష్టం. మంచు దిగినప్పుడు ఉన్నచోటే కూర్చుని ఏదో ఒక పాట పాడు, నీ మీద ఎవరూ కాలు వెయ్యరు. అన్నిటికంటే ముఖ్యం కాలువ. ప్రతి ఇంటి ముందూ ఒక కాలువ ఉంటుంది. నీ కాలువ నువ్వు తియ్యక్కర్లేదు. నీ పై ఇంటివాళ్లది నువ్వు తియ్యాలి. నీది నీ కింది ఇంటివాళ్లు తీస్తారు."

"ఇదెక్కడి చోద్యం! మా గట్టు మీద ఎవరి ముంగిలి వాళ్లే ఊడ్చుకుంటారు పిన్నీ. ఒకరి చెత్త ఇంకొకరు ఎత్తడం ఏం మర్యాద?"

"మర్యాద సంగతి కాదమ్మా ఇది. వాలు సంగతి," అంది గోరింక. ఆ మాటకు అర్థం అడిగేలోగా ఇంకో కొత్తవాడెవరో దారిలో కనిపించాడు. గోరింక తుర్రుమంది.

సరిగ్గా రెండు ఆయాసాల దగ్గర గాదెమ్మకు చోటు దొరికింది. పై మెట్టు మీద బరిసెల తాత ఉంటాడు. ఆయన ముసలి ముళ్లపంది. ఆయన ఇంటి పైన ఇంక ఇళ్లు లేవు. కింది మెట్టు మీద సన్నమ్మ అనే చుంచు తన పిల్లలతో ఉంటుంది.

గాదెమ్మ తవ్వకం చూసి తీరాలి. ముందు పడకగది, దాని పక్కన పిల్లల గది, ఆ వెనక వడ్లకు గాది. గోడలు నున్నగా, మూలలు గుండ్రంగా. "కొండ మీద ఇలాంటి ఇల్లు ఎవరైనా చూశారా?" అని తనే రెండుసార్లు లోపలికీ బయటికీ తిరిగి చూసుకుంది.

తవ్విన మట్టిని ఇంటి ముందు కాలువలోకి తోసేసింది. పొద్దున లేచి చూస్తే మట్టి లేదు!

"భలే ఊరు! మట్టిని కొండే తినేస్తోంది," అనుకుంది. ఆ రోజు ఇంకాస్త ఎక్కువ తవ్వింది. మర్నాటికి అదీ మాయం. ఇంక గాదెమ్మకు పట్టపగ్గాల్లేవు. గాదిని రెండింతలు చేసింది.

ఒకరోజు ఉదయం గుమ్మంలో చప్పుడైతే బయటికి వచ్చింది. సన్నమ్మ కాలువ అంచున వంగి ఉంది. ఆమె తోకను పెద్దపిల్ల పళ్లతో పట్టుకుంది. దాని తోకను రెండోది, రెండోదాని తోకను మూడోది పట్టుకున్నాయి. అలా చివరిదాకా పిల్లలన్నీ ఒక దండలా ఉన్నాయి.

"ఏయ్, నా గుమ్మంలో నీకేం పని?"

"కాలువ చూద్దామని వచ్చాను వదినా."

"కాలువ చూడ్డానికా, వడ్లు చూడ్డానికా?"

"అయ్యో, మేం వడ్లు తినం వదినా. పురుగులే తింటాం."

"తినేదేదైనా వాసన మాత్రం ఊరంతా కొడుతోంది. ఇంతకీ ఈ ఊరేగింపేమిటి? పిల్లల్ని పూలల్లే గుచ్చి తిప్పుతున్నావు!"

"వాలులో జారకుండా వదినా. ముందున్నదానికి దారి తెలిస్తే చాలు, వెనకవాళ్లు పడరు."

"మా పిల్లలు ఎవరి తోకా పట్టుకోరు. వెళ్లు, వెళ్లు."

సన్నమ్మ ముక్కు చిన్నగా అదిరింది. వెనక్కి తిరిగింది. దండ కూడా మెల్లగా మలుపు తిరిగి దిగిపోయింది.

ఆ వారంలోనే బరిసెల తాత తన వాకిట్లోంచి తొంగిచూశాడు.

"అమ్మాయ్, మా కాలువలో టేకాకులు పడ్డాయి. ఒకసారి చూస్తావా? వానలొచ్చేస్తున్నాయి."

"మీ కాలువ మీరే తీసుకోండి తాతా. మీరేమో పొద్దున్నే షికారుకి కొండ దిగి వెళ్తారు. మీ ఆకులు నేనెత్తాలా?"

తాత వీపు మీద ముళ్లు జుయ్యిమని లేచాయి. కాసేపటికి వాటంతటవే పడుకున్నాయి. "సరేలే," అని ఆయన రోజూలాగే కిందికి దిగి వెళ్లిపోయాడు. మళ్లీ అడగలేదు.

గాదెమ్మకు ముగ్గురు పిల్లలు పుట్టారు. ఇంకా కళ్లు తెరవలేదు. గాది నిండా వడ్లు, గది నిండా పిల్లలు. చిన్నచిన్న జల్లులు పడ్డాయి. ఇంట్లోకి ఒక్క చుక్క రాలేదు. "చూశారా! ఎవరి కాలువా తియ్యకుండానే నా ఇల్లు ఎంత పొడిగా ఉందో," అని పిల్లలకు చెప్పుకుంది.

ఒక మధ్యాహ్నం అసలు వాన వచ్చింది. ఆకాశం కుండపోతగా కురిసింది. కొండ మీద నీళ్లన్నీ బరిసెల తాత కాలువలోకి దూకాయి. అక్కడ విస్తళ్లంతేసి టేకాకులు ఒకదాని మీద ఒకటి పేరుకుని ఉన్నాయి. నీళ్లకు దారి లేకపోయింది. అవి కాలువ గట్టు దాటి, తిన్నగా గాదెమ్మ గుమ్మంలోకి దిగాయి.

గాదెమ్మ కంగారు పడలేదు. వరదలు చూసిన పందికొక్కు కదా! గబగబా మట్టి లాగి గుమ్మానికి అడ్డంగా గట్టు వేసింది. పొలాల్లో అయితే అది చాలు. అక్కడ నీళ్లు నిలబడి ఆలోచిస్తాయి. కొండ మీద నీళ్లు పరిగెత్తుకొస్తాయి. గట్టు ఒక్క క్షణం ఆగింది. మరుక్షణం ధభీమని కొట్టుకుపోయింది. పడకగదిలోకి నీళ్లు, అక్కడి నుంచి గాదిలోకి నీళ్లు!

వడ్ల వైపు ఒకసారి, పిల్లల వైపు ఒకసారి చూసింది. వడ్లను వదిలేసింది. ఒక పిల్లను నోట కరుచుకుని బయటికి తెచ్చి రాయి పక్కన పెట్టింది. రెండోదాన్ని తెచ్చింది. మూడోదాని కోసం లోపలికి వెళ్దామంటే, ఈ ఇద్దరూ వాలులో జారిపోతున్నారు. వీళ్ల దగ్గర ఉందామంటే, ఆ ఒక్కటీ లోపల నీళ్లలో ఉంది. గాదెమ్మకు ఏడుపొచ్చింది.

"వదినా! లోపలికి వెళ్లు! వీళ్లను మేం చూసుకుంటాం!"

కింది మెట్టు నుంచి సన్నమ్మ ఎక్కి వచ్చింది, వెనకాల దండతో సహా. సన్నమ్మ ఒక వేరును గట్టిగా కరిచి పట్టుకుంది. పిల్లలు తోకలు పట్టుకుని వరసగా సాగారు. చివరి ఇద్దరూ గాదెమ్మ పిల్లలను తలా ఒక చెవి పట్టుకుని ఆపారు. నీళ్లు ఎంత తోసినా ఆ దండ తెగలేదు.

గాదెమ్మ మూడోదాన్ని తీసుకుని బయటపడింది.

"ఇప్పుడెక్కడికి?" అంది వణుకుతూ.

"కిందికి, మా ఇంటికి."

"కిందికా? పైనే ఇంత నీళ్లుంటే కింద ఇంకెంతుంటాయి!"

"రా వదినా, చెబుతున్నాగా!"

సన్నమ్మ ఇల్లు అగ్గిపెట్టెంత ఉంది. కానీ పొడిగా, వెచ్చగా ఉంది. గాదెమ్మ నమ్మలేక బయటికి తొంగిచూసింది. తన ఇంటిని ముంచిన నీళ్లన్నీ తన గుమ్మం ముందు కాలువలోకి దిగి, బుద్ధిగా పక్కకు మళ్లి పోతున్నాయి. ఆ కాలువ లోతుగా, శుభ్రంగా ఉంది.

"నా కాలువ అంత లోతుగా ఎలా ఉంది? రోజూ దాన్నిండా మట్టి పోశాను కదా!"

చుంచు పిల్లలు కిసుక్కున నవ్వాయి. "అమ్మ రోజూ మోసేది అత్తా! నువ్వు తిడతావని నువ్వు లేవకముందే మోసేది."

"అంటే... కొండ తినలేదా?"

"కొండ ఎక్కడన్నా మట్టి తింటుందా వదినా?" అంది సన్నమ్మ. "మంచి మట్టి. పారెయ్యబుద్ధి కాలేదు. ఆ మట్టితో వెనకవైపు అరుగు వేసుకున్నాం. పిల్లలకు ఆడుకోవడానికి చోటు దొరికింది. నీ పుణ్యమే."

గాదెమ్మ తల దించుకుంది. "వదినా," అంది. ఆ ఊరొచ్చాక ఆ మాట అనడం అదే మొదటిసారి. సన్నమ్మ లోపలికి వెళ్లింది. పిల్లలను తుడవడానికి ఎండు గడ్డి తెచ్చి ఇచ్చింది.

వాన వెలిశాక బరిసెల తాత రొప్పుతూ కింది నుంచి వచ్చాడు. ముళ్ల నిండా బురద.

"పిల్లలు బాగున్నారా?" అన్నాడు ముందు.

"బాగున్నారు తాతా. ఇంత వానలో షికారేమిటి మీరు?"

"షికారు కాదే పిచ్చిదానా. నా పైన మబ్బులు తప్ప ఎవరూ లేరు, నేను తియ్యడానికి కాలువ లేదు. అట్టడుగు మెట్టు మీద ముసలి తాబేలు ఉంది. ఆవిడ కింద ఏరు తప్ప ఎవరూ లేరు, ఆవిడ కాలువ తీసేవాళ్లు లేరు. అందుకని అది నా వంతు. రోజూ దిగి వెళ్లేది అందుకే."

"మీ ఇంట్లోకి నీళ్లు రాలేదా?"

"చుక్క కూడా రాలేదు. చిక్కంతా అక్కడే ఉంది. నా కాలువ పూడితే నాకు తెలియదు, నీకు తెలుస్తుంది. ఎవరికి నొప్పి తెలుస్తుందో వాళ్ల చేతికే పని ఇచ్చారు పెద్దలు." తాత నిట్టూర్చాడు. "నిన్ను ఇంకోసారి అడగాల్సింది. ముళ్లు లేచాయి, ఊరుకున్నాను."

"వాలు సంగతి" అని గోరింక ఎందుకందో గాదెమ్మకు అప్పుడు అర్థమైంది.

గాదిలో ఒక్క గింజ మిగల్లేదు. ఆ వానాకాలమంతా గాదెమ్మ ఇరుగుపొరుగు పెట్టింది తిని గడిపింది. తాత దుంపలు తెచ్చాడు. అలుగు వెదురు కొమ్ములు తెచ్చింది. సన్నమ్మ ఒక రోజు పురుగులు తెచ్చిపెట్టింది. గాదెమ్మ కళ్లు మూసుకుని ఒకటి నోట్లో వేసుకుంది. కళ్లు తెరిచి, "ఇంకోటి ఉందా?" అంది.

తాత కాలువలో ఆకులు మాత్రం ఆ తర్వాత ఒక్క పూట కూడా నిలవలేదు. తవ్వడంలో గాదెమ్మ చెయ్యి ఎలాంటిదో ఊరికి తెలిసింది. ఎక్కడ కాలువకు రాయి అడ్డం పడ్డా ఆమెకే కబురొచ్చేది.

వానలు తగ్గాక ఒక ఉదయం గోరింక అరుపులతో కొండంతా లేచింది. "రండి, రండి! చూడండి!"

కొట్టుకుపోయిన వడ్లు శుభ్రంగా ఉన్న కాలువల వెంట కింది మెట్లన్నిటికీ చేరాయి. అక్కడ ప్రతి ఇంటి ముందూ కాలువ అంచున పచ్చగా వరి మొలిచింది. అట్టడుగున తాబేలు వాకిట్లో అయితే చిన్న మడే ఉంది. వెన్నులు పండాక ఎవరి ముంగిట్లోది వాళ్లు కోసి, సగం తెచ్చి గాదెమ్మ గాదిలో పోశారు. ఈసారి గాది చిన్నదే. అది నిండిపోయింది.

మళ్లీ వేసవి వచ్చింది. నెత్తిన మూటతో ఒక కుందేలు రొప్పుతూ కొండ ఎక్కుతోంది. పక్క మెట్టు మీద ఒక వింత కనిపించి ఆగిపోయింది. ముందు ఒక పందికొక్కు. దాని తోక పట్టుకుని చుంచు పిల్లలు. ఆ చుంచు పిల్లల తోకలు పట్టుకుని, వాటికంటే నాలుగింతలున్న పందికొక్కు పిల్లలు.

"ఏంటక్కా ఈ ఊరేగింపు? ఎక్కడికి?"

"పై ఇంటి కాలువ తియ్యడానికి."

"పై ఇంటివాళ్ల చెత్త మీరెత్తుతారా? ఇదేం మర్యాద?"

గాదెమ్మ నవ్వింది. దండను పక్కకు జరిపి, ఎక్కే కుందేలుకు దారి ఇచ్చింది.

"ముందు ఎక్కు తమ్ముడూ. ఊపిరి పీల్చుకున్నాక మా సన్నమ్మ వదిన ఇంటి వెనక అరుగు మీద కూర్చో. అన్నీ నేను చెబుతాను."

"ఎంత దూరం?"

"ఎంతో లేదు. ఒక్క ఆయాసం."

నీతి: కొత్త ఊరి పద్ధతి వింతగా కనిపిస్తే నవ్వకు, ఎందుకో అడిగి తెలుసుకో. మన కాలువ శుభ్రంగా ఉందంటే మనకు కనిపించకుండా ఎవరో దాన్ని తీస్తున్నారని అర్థం. మనం తియ్యాల్సిన కాలువ కూడా ఒకటుంటుంది.