చుక్కమ్మ పీటముడి పాఠం

ఏం చూశారు? ముందు అది చెప్పండి. రోజూ మధ్యాహ్నం చాకిరేవు పక్క నుంచే కదా నడిచి వెళ్తారు, అక్కడ మీ కంటికి ఏం కనబడింది? "ముసలి గాడిద తాడు నములుతోంది", అంతేనా? బండమీద కూర్చున్న నక్కకూ అచ్చం అదే కనబడింది. దాని గతేమైందో వినండి.

ఆ గాడిద పేరు చుక్కమ్మ. పద్దెనిమిదేళ్లుగా ఊరి మాసిన బట్టలన్నీ దాని వీపు మీదే రేవుకొచ్చాయి. బట్టలు ఉతికి దండెం మీద ఆరేశాక రేవు జనం గంజి తాగడానికి గుడిసెల్లోకి వెళ్తారు. వెళ్లేముందు, చేలల్లో పడకుండా గాడిద ముందుకాళ్లు రెండూ కలిపి తాడు కడతారు. అదే బందం. బందం పడ్డ గాడిద గెంతగలదు, పరుగెత్తలేదు. కిందటి వేసవిలో తోటి గాడిద కాటమ్మ అలా గెంతుతూ గెంతుతూనే తోడేలు నోట పడింది. చుక్కమ్మ కళ్లారా చూసింది. ఆ రోజు నుంచి బట్టలారే వేళ దానికి కునుకు పట్టడం మానేసింది.

ఈగలు తోలుకుంటూ ఎన్నాళ్లని వణకాలి? ఒకరోజు తలెత్తి, తుమ్మకొమ్మకు గూడు అల్లుతున్న గిజిగాడిని కేకేసింది.

"గురువుగారూ!"

గిజిగాడు వెనక్కి తిరిగి చూశాడు. ఎవరూ లేరు. "నన్నేనా అవ్వా?"

"నిన్నే. ముడి వేయడం, విప్పడం నాకు నేర్పు."

"దానికి ముక్కుండాలి కదా!"

"పెదవులున్నాయి. పళ్లు నాలుగున్నాయి. మధ్యాహ్నమంతా ఖాళీగా ఉంది. ఇంకేం కావాలి?"

బండమీద నక్క పొట్ట పట్టుకుని దొర్లింది. "అత్తా! ఈ వయసులో బడికా? పలకా బలపం తెచ్చిపెట్టనా?"

"తెచ్చిపెట్టు అల్లుడూ. రెండు తే. నువ్వూ ఖాళీగానే ఉన్నావుగా, వచ్చి పక్కన కూర్చో."

"నాకు రానిదేముందత్తా!" అని నక్క మళ్లీ దొర్లింది.

మొదటి రోజు గిజిగాడు పచ్చగడ్డి పేని చక్కటి పీటముడి వేసి చుక్కమ్మ ముందు పడేశాడు. "విప్పు. నేను గూటికో పోగు పెట్టి వస్తా."

వచ్చేసరికి ముడి లేదు.

"విప్పేశావా అవ్వా!"

చుక్కమ్మ తలొంచుకుంది. "గురువుగారూ, పాఠం తినేశాను."

మర్నాడు ఎండుతాడు తెచ్చాడు. "కొస పట్టి లాగకు! లాగితే ఇంకా బిగుస్తుంది. ముడికి నడుముంటుంది, అక్కడ పెదవితో నొక్కి వదులు చెయ్యి."

చుక్కమ్మ కొసే లాగింది. పది రోజులు లాగింది. నాలుగు పళ్లలో ఒకటి ఊడింది. నక్క పది రోజులు నవ్వింది, పది రోజులు ఆవలించింది, ఆ తర్వాత బండమీదే నిద్రపోయింది. పాఠం మాత్రం ఆగలేదు.

"నువ్వు విసుక్కోవేం గురువుగారూ?"

"ఎలా విసుక్కుంటానవ్వా? మా ఆవిడ నిన్న మూడో గూడు కూడా బాగాలేదని తన్ని పోయింది. నేనూ ఇంకా నేర్చుకుంటున్నవాణ్ణే."

ఇరవై అయిదో రోజున చుక్కమ్మ కాళ్ల బందం ఊడి కిందపడింది. ఆ ఆనందంలో అది పెట్టిన ఓండ్రకు తుమ్మచెట్టు కాయలు రాలాయి. గిజిగాడు మాత్రం, "విప్పడం సగం చదువే. ఇప్పుడు కట్టు" అన్నాడు. ఇంకో పదిహేను రోజులు కట్టడమే పాఠం. రోజూ బందం విప్పుకోవడం, మళ్లీ తానే కట్టుకోవడం. నక్క నిద్రలేచి చూసినప్పుడల్లా బందం బందంలాగే ఉండేది.

నలభై ఒకటో రోజు మధ్యాహ్నం నక్క తోడేలును వెంటబెట్టుకొచ్చింది.

"పరుగెత్తే పనే లేదు దొరా. విస్తట్లో వడ్డించినట్టు నిలబడి ఉంటుంది."

"తన్నదుగా?"

"ముందుకాళ్లు కట్టేసి ఉంటే ఎలా తన్నుతుంది? బోర్లా పడుతుంది. నేను ముందు కూర్చుని మాటల్లో పెడతా. మీరు వెనకనుంచి రండి."

నక్క వచ్చి దండెం కింద చతికిలబడింది. "అత్తా, నీ చదువు ఎంతదాకా వచ్చింది? ఏదీ, ఓ ముడి చూపించు."

చుక్కమ్మ ముక్కుకు తోడేలు వాసన తగిలింది. కాటమ్మ గుర్తొచ్చింది. అయినా తొణక్కుండా అంది.

"చూపించడానికి తాడు కావాలి కదా అల్లుడూ. నీ తోక ఓసారి ఇటివ్వు."

తల దించి ముడి వేస్తుంటే తోడేలుకు మరీ సులువని నక్క మురిసిపోయింది. తోక అందించింది. చుక్కమ్మ దాన్ని బట్టల బరువుకు కిందికి వేలాడుతున్న దండెం తాడుకు చేర్చి రెండు చుట్లు తిప్పి, పళ్లతో ఒక్క బిగువు బిగించింది. నిఖార్సయిన పీటముడి!

"బాగుందత్తా, బాగుంది! మరి విప్పడం?"

"విప్పడమా? ఇదిగో" అని చుక్కమ్మ వంగి తన బందం నడుము నొక్కింది. తాడు జారిపోయింది.

అదే క్షణంలో తోడేలు దూకింది. చుక్కమ్మ ముందుకాళ్లు నేలకు గట్టిగా తన్నిపట్టి వెనకకాళ్లు రెండూ ఝాడించింది. తోడేలు గాల్లో ఓ పిల్లిమొగ్గ వేసి బట్టలు ఉడకబెట్టే బాన పక్కన పడింది. నక్క బెదిరి పరుగందుకుంది. దండెం గుంజలు రెండూ ఊడి వచ్చాయి. ఎర్రచీరలు, పచ్చ పంచెలు, పెళ్లివారి దుప్పట్లు, ఊరి బట్టలన్నీ దాని వెనకే రెపరెపలాడుతూ బయల్దేరాయి.

తోడేలు తల తిప్పి చూస్తే, వంద రంగుల భూతం తనమీదికే వస్తోంది!

"దొరా, ఆగండి! నేనే!" అని నక్క.

"దగ్గరికి రాకు!" అని తోడేలు.

తోడేలు గుట్ట దాటిపోయింది. నక్క ముళ్లపొదలో చిక్కుకుంది. గుడిసెల్లోంచి జనం కర్రలతో వస్తున్నారు. గిజిగాడు పొదమీద వాలాడు.

"బాబూ, ఈ ముడి విప్పడం చెప్పు!"

"తప్పకుండా. నలభై రోజుల పాఠం."

"అంత టైం నాకెక్కడిది నాయనా!"

"ఆ నలభై రోజులూ ఎదురుగా బండమీదే ఉన్నావుగా మామా!"

కర్రలు దగ్గరికొచ్చాయి. నక్క సగం తోక దండేనికే వదిలేసి పారిపోయింది. చుక్కమ్మ తుమ్మచెట్టు కిందికి వచ్చి, బందం తానే కట్టుకుని, తలెత్తింది. "గురువుగారూ, రేపేం పాఠం?"

ఖాళీ పొద్దును నేర్చుకోవడానికి వాడుకున్నవాడి కాళ్లను ఏ తాడూ ఎల్లకాలం కట్టిపడేయలేదు. సరే, గాడిదను చూశారు, నక్కను చూశారు. నిన్న మధ్యాహ్నం మీరెక్కడున్నారు, తుమ్మచెట్టు కిందా, బండమీదా?