వాగు ఒడ్డు లాక్కున్న కోరయ్య

అనగనగా ఒక కొండ అడవిలో మోకాలి లోతైనా లేని ఒక చిన్న వాగు. ఆ వాగు గట్టున ఒక ముసలి పీత ఉండేది. అడవిలో అందరూ దాన్ని పీతత్త అనేవారు. పక్కనే కోరయ్య అనే అడవిపంది చేమదుంపలు పండించుకునేవాడు. చేనుకీ వాగుకీ మధ్య వావిలి పొదలు, రెల్లుగడ్డి ఉండేవి.

ఒకరోజు కోరయ్య పొదలు నరకడం మొదలుపెట్టాడు.

"ఏం పనిరా అది?" అంది పీతత్త.

"చేను మీద నీడ పడుతోందత్తా. ఇవి పోతే ఇంకో రెండు సాళ్లు వేసుకుంటాను."

"ఆ నీడ వల్లే నీళ్లు చల్లగా ఉన్నాయి. నీళ్లు కాగిపోతే చేపపిల్లలు బతుకుతాయట్రా?"

కోరయ్య వినలేదు. ఎండాకాలం వచ్చేసరికి వాగు వేడెక్కింది. చేపలు వలస పోయాయి.

మరుసటి ఏడు రెల్లు పీకాడు.

"ఒరేయ్, గట్టును పట్టుకున్నవి ఆ వేళ్లేరా!" అని అరిచింది పీతత్త.

"గడ్డి పట్టుకుంటే గట్టు నిలుస్తుందా?" అని నవ్వాడు కోరయ్య.

మొదటి వానకే చేలో మట్టి వాగులోకి దిగింది. కప్పల గుడ్లన్నీ బురద కింద పడి పాడైపోయాయి. పీతత్త బొరియ పూడిపోయింది. తవ్వుకుంది. మళ్లీ పూడింది. మళ్లీ తవ్వుకుంది.

మూడో ఏడు వాగు వంపునే పూడ్చబోయాడు.

"నీకు దణ్ణం పెడతాను, దాని జోలికి పోకు! ఆ వంపు దగ్గరే వాగు నెమ్మదిస్తుంది."

"అడ్డంగా నడిచేదానివి, తిన్నగా ఉండడం గురించి నీకేం తెలుసత్తా?" అన్నాడు కోరయ్య. వాగును తిన్నగా చేసేశాడు.

ముసురు పట్టింది. వాగు ఎక్కడా ఆగకుండా ఉరికింది. పట్టుకునే వేరు లేక గట్టు జారింది. గట్టుతో పాటు సగం చేను కొట్టుకుపోయింది. కోరయ్య బురదలో కూలబడి ఏడ్చాడు.

"ఇప్పుడేం చెయ్యనత్తా?"

"చెప్పీ చెప్పీ నా నోరు పోయింది. మళ్లీ చెప్పించు!" అని విసుక్కుంది పీతత్త. అయినా చెప్పింది.

కోరయ్య వాగుకు పది అడుగుల చోటు వదిలాడు. వావిలి కొమ్మలు నాటాడు. మూడో రోజు పీతత్త బయటికొచ్చి చూస్తే, ఒక్కో కొమ్మా పైకి లాగుతున్నాడు.

"మళ్లీ ఏం చేస్తున్నావురా?"

"వేరు పట్టిందో లేదో చూస్తున్నానత్తా."

పీతత్త రెండు డెక్కలూ నెత్తిన పెట్టుకుంది.

నీతి: వాగు ఒడ్డు వాగుదే. అది పోవడానికి ఒక్క వాన చాలు, తిరిగి రావడానికి ఏళ్ల ఓపిక కావాలి.