గుగ్గిలం పొగ

హిరణ్యకశిపుడి వేషం కట్టే అప్పలసూరి కన్నుమూశాక, అతని ఆటను గ్రంథంలో నిలపమని రాజుగారు ఆస్థానకవికి చెప్పారు. కవి నిండుసభలో చదివాడు: "అతడు అడుగిడగనే రంగస్థలమెల్ల కస్తూరి గుబాళించెను."

ముప్పై ఏళ్లు అతని ప్రవేశానికి దివిటీ మీద గుగ్గిలం చల్లిన భార్య పైడమ్మకు, అందులో పెనిమిటి ఎక్కడా దొరకలేదు.

"కస్తూరి కాదు బాబయ్యా, గుగ్గిలం," అంది.

కవి నవ్వాడు. "కావ్యంలో పొగ కంపేమిటే? నీకేం తెలుసు?"

పైడమ్మ కొంగుముడి విప్పి, చిటికెడు పొడి దీపం మీద చల్లింది. మంట భగ్గుమంది. వాసన తగలగానే సభంతా, రాజుగారితో సహా, వాకిలి వైపు తిరిగింది. అక్కడెవరూ లేరు.

"కస్తూరి అన్నప్పుడు ఒక్కరూ అటు చూళ్లేదు బాబయ్యా," అంది పైడమ్మ మెల్లగా.

కవి కాసేపు ఆ వాకిలినే చూసి, గంటం అందుకున్నాడు.

"తర్వాత ఎలా నడిచొచ్చేవాడో చెప్పు తల్లీ."