సోడాల తవిటయ్య దాహం

అనగనగా, సముద్రపు గాలికి తలుపు గొళ్ళేలు తుప్పుపట్టిపోయే ఒక ఊళ్ళో, పైడమ్మ అని ఒకావిడ ఉండేది. జీడిపిక్కలు కొట్టి, ఒలిచి అమ్ముకునేది. మనిషి మంచిదే కానీ చిన్నీ, ఇంట్లో వస్తువు మాత్రం ఎవరికీ ఇచ్చేది కాదు. పిల్లికి బిచ్చం పెట్టదని ఊళ్ళోవాళ్ళు నవ్వుకునేవాళ్ళు.

ఒకరోజు పక్కింటామె జల్లెడ అడిగింది. "ఒకటే ఉన్నాది, ఇవ్వను" అంది పైడమ్మ. ఆ తర్వాత ఎదురింటాయన నిచ్చెన అడిగాడు. "ఒకటే ఉన్నాది, ఇవ్వను" అంది. ఆ తర్వాత వానలో తడుస్తూ పోస్టుమాన్ వచ్చి గొడుగు అడిగాడు. ఆయనకీ అదే మాట! పాపం, ఉత్తరాలు చొక్కాలో దాచుకుని, ఖాళీ సంచి నెత్తిన పెట్టుకుని పరిగెత్తాడు.

ఆ పైడమ్మకి ఒక తమ్ముడు, తవిటయ్య. బస్సులు ఆగేచోట గోళీసోడాలు కొట్టేవాడు. సోడా కొడితే కీచుమని చప్పుడొచ్చేది, బస్సులో పిల్లలందరూ కిటికీల్లోంచి తలలు బయటపెట్టేవాళ్ళు.

అప్పుడు ఏమైందంటే, తవిటయ్యకి కాళ్ళు వాచాయి. మొహం ఉబ్బింది. అన్నం సయించలేదు. పట్నంలో డాక్టరమ్మ చూసి, "నీ కిడ్నీలు రెండూ పాడైపోయాయయ్యా" అంది.

కిడ్నీలంటే ఏమిటనుకున్నావు? నడుం పైన, వెనకవైపు, ఇటొకటీ అటొకటీ, పెద్దవాళ్ళ గుప్పెడంత ఉంటాయి. ఒంట్లో చెడుని వడగట్టి ఉచ్చలోకి పంపేస్తాయి. నవ్వకు, నవ్వితే కథ ఆపేస్తా.

అప్పట్నుంచి తవిటయ్య వారానికి మూడుసార్లు పట్నం వెళ్ళి, మిషను దగ్గర పడుకుని నెత్తురు కడిగించుకోవాల్సి వచ్చింది. పైగా నీళ్ళు రోజుకి రెండు గ్లాసులే. ఉచ్చ రాదు కదా, అంతకు మించితే ఒంట్లోనే నిలిచిపోయి ఊపిరాడదు. ఊరందరి దాహం తీర్చేవాడు, నడి వేసవిలో పెదాలు తడుపుకుంటూ నిలబడేవాడు. మనిషి రోజురోజుకీ నీరసించిపోయాడు.

"ఎవరైనా ఒక కిడ్నీ ఇస్తే నిలబడతాడు" అంది డాక్టరమ్మ. తవిటయ్య పెళ్ళాం రవణమ్మ ముందుకొచ్చింది కానీ రక్తం గ్రూపు కుదరలేదు. అక్కని మాత్రం తవిటయ్య అడగనే లేదు. జల్లెడ ఇవ్వని మనిషిని కిడ్నీ ఎలా అడుగుతాడు చెప్పు?

అప్పుడు పైడమ్మే వచ్చింది, జీడి మరకల చేతులతో.

"ఏటిరా, మనిసికి అవి రెండుంటాయంట గదా?"

"రెండే అప్పా" అన్నాడు తవిటయ్య. వాళ్ళ వైపు అక్కని అప్పా అంటారులే.

"మరి నాకు సెప్పవేటి? జల్లెడొకటే, నిచ్చెనొకటే, గొడుగొకటే. అందుకని ఇవ్వలేదు. రెండున్నది కూడా ఇవ్వననీసి నీకెవులు సెప్పినారు?"



ఆ తర్వాత పైడమ్మకి రక్తం తీశారు, ఉచ్చ పట్టారు, కడుపు స్కానింగ్ చేశారు. అన్నీ కుదిరాయి. మిగిలిన ఒక్కటే రెండింటి పనీ చేసుకుపోతుందని, ఏడాదికోసారి వచ్చి చూపించుకోవాలని చెప్పారు.

ఆ తర్వాత డాక్టరమ్మ ఆవిణ్ణి ఒక్కదాన్నే గదిలో కూచోబెట్టింది. "ఎవరైనా బలవంతం చేశారా అమ్మా? ఇష్టం లేకపోతే నాతో చెప్పు. నీ పేరు రాకుండా, కుదరలేదని మేమే చెప్పేస్తాం."

"నా సేత గొడుగే ఇప్పించలేకపోనారు, కిడ్నీ ఇప్పిస్తారా?" అంది పైడమ్మ.

ఆ తర్వాత ఆస్పత్రి పెద్దలు ఐదుగురు బల్లకి అటుపక్క కూచుని మళ్ళీ అదే అడిగారు. "డాక్టరమ్మకి సెప్పినాను గదా! మీలో మీరు మాటాడుకోరేటి?" అని కసిరింది. వాళ్ళు నవ్వుతూ కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నారు.

ఆపరేషన్ రోజు పొద్దున్న, నర్సు పైడమ్మని చక్రాల బండి మీద పడుకోబెట్టి, తలకి టోపీ తొడుగుతూ మూడోసారి అదే అడిగింది. ఈసారి పైడమ్మ కసరలేదు, నర్సు చెయ్యి పట్టుకుంది.

"బయమేస్తంది పాపా. సానా బయమేస్తంది."

"అయితే మానేద్దామా అమ్మా?"

"బయమేస్తందన్నాను గానీ ఇవ్వనన్నానేటి? తొయ్యి బండి!"

నొప్పి పుట్టిందా అంటావా? పుట్టింది. పక్కకి తిరిగితే కుట్లు లాగేవి, దగ్గితే కళ్ళనీళ్ళొచ్చేవి. కథ కదా అని నీకు అబద్ధం చెప్పను.

కానీ అవతలి గదిలో, తవిటయ్య మంచానికి కట్టిన సంచిలో ఒక చుక్క పడింది. ఆ తర్వాత ధార కట్టింది. ఆ తర్వాత సంచే నిండిపోయింది! రవణమ్మ ఊరికి ఫోన్ చేసి, "పోసినాడు, పోసినాడు!" అని ఒకటే కేకలు. ఊళ్ళో వీధి వీధినా బెల్లం పంచారు. ఒక మనిషి ఉచ్చపోశాడని ఊరంతా పండగ చేసుకోవడం ఎక్కడైనా విన్నావా? ఇప్పుడు నవ్వు, ఫర్వాలేదు.

నాలుగో రోజు పైడమ్మ మూతికి మాస్కు కట్టుకుని, పొట్ట పట్టుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ తమ్ముడి గదికి వచ్చింది. అప్పుడే డాక్టరమ్మ అతని చేతికి పెద్ద నీళ్ళసీసా ఇచ్చింది. "మందులు మాత్రం ఎప్పటికీ వేళ తప్పకూడదు. నీళ్ళంటావా, ఇక దాహం తీరా తాగు" అంది.

తవిటయ్య నమ్మలేదు. సీసా వైపు చూశాడు. డాక్టరమ్మ వైపు చూశాడు. అక్క వైపు చూశాడు.

"తాగరా" అంది పైడమ్మ.

గటగటా తాగాడు. ఆత్రంలో పొలమారింది. పైడమ్మ గబుక్కున వచ్చి నెత్తిమీద తట్టింది.

"మెల్లగా తాగరా. ఎవులో తలుసుకుంతన్నారు."

"ఇంకెవులు తలుసుకుంతారప్పా? నువ్వు ఇక్కడే ఉన్నావు గదా."

"ఇక్కడుండి తలుసుకోకూడదేటి?" అంది పైడమ్మ, నెత్తిమీంచి చెయ్యి తియ్యకుండా.

కథ నడిచె కంచికి,
కునుకు చేరె కంటికి,
గుక్కెడు నీళ్ళు గొంతుకి,
దుప్పటి మన ఇద్దరికి!